దీక్షలో ఉండగా కల వచ్చింది... నేను పెళ్లికి పనికిరానా?

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఊరు. హన్మకొండలో ఒక ఎరువుల డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. వయసు 27. మాఘమాసంలో పెళ్లి. డిగ్రీ రోజుల నుంచి నాకు హస్తప్రయోగం అలవాటు. ఒక్క వీర్యం చుక్క 40 రక్తపు చుక్కలతో సమానమని హాస్టల్లో సీనియర్లు చెప్పారు. అప్పటి నుంచి భయం పట్టుకుంది. నీరసం, నడుము నొప్పి, ఒక్కోసారి మూత్రం తెల్లగా వస్తుంది. కాజీపేటలో గోడ మీద నంబర్ చూసి, లాడ్జిలో క్యాంపు పెట్టిన ఒకాయన దగ్గరికి పోయాను. నాడి పట్టుకుని, "నరాలన్నీ బలహీనమైనయి, ఇట్లనే ఉంటే సంసారానికి పనికిరావు" అన్నాడు. పొడి, లేహ్యం, నూనె కలిపి 30 వేల దాకా అయింది. తగ్గలేదు. ఈ కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు నిష్ఠగా ఉన్నాను. కానీ మధ్యలో ఒక రాత్రి నిద్రలో స్కలనమైంది. గురుస్వామికి చెప్పలేదు. ఇరుముడి కట్టుకుని కొండ ఎక్కినా మనసులో తప్పు చేసినట్టే ఉంది. మా మేనమామ "మన సంస్కృతిలో బ్రహ్మచర్యమే బలం" అంటాడు. మా ఆఫీసులో ఒక సారు "సైన్స్ ప్రకారం ఇవన్నీ ఉత్తవే, మీ బుర్రలు మతమే పాడు చేసింది" అంటాడు. ఎవరిని నమ్మాలి? నాకు కాబోయే అమ్మాయి రోజూ ఫోన్ చేస్తుంది, ఎత్తాలంటే టెన్షన్. పెళ్లి ఆపేయమని చెప్పనా? ఒక్కోసారి బతికి ఏం లాభం అనిపిస్తుంది. నా పేరు రాయకండి.

సమాధానం:

తమ్ముడూ,

ముందు నీ చివరి మాట సంగతి. బతికి ఏం లాభం అనిపించినప్పుడు ఒంటరిగా కూర్చోవద్దు. 14416కు ఫోన్ చెయ్యి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్ అది. డబ్బులు తీసుకోరు, అర్ధరాత్రి అయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పుడు నాకు రాసిన సంగతే వాళ్లకూ చెప్పొచ్చు. ఇలాంటివి వాళ్లు రోజూ వింటారు, కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక నీ ఒంటి సంగతి. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు. నడుము అరగదు. అంగం చిన్నది కాదు, వంకర పోదు. పిల్లలు పుట్టకుండా పోరు. నువ్వు రాసిన దాంట్లో పెళ్లికి పనికిరావని చెప్పే సంగతి ఒక్కటి కూడా లేదు. ఈ మాట ధైర్యం చెప్పడానికి అనడం లేదు. వైద్యశాస్త్రం ఈ విషయాన్ని ఎంతో కాలంగా, ఎంతోమందిని చూసి తేల్చింది. అమెరికాలో కిన్సీ అనే పరిశోధకుడి బృందం 1948లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో నూటికి 90 మందికి పైగా మగవాళ్లు తమకు ఈ అలవాటు ఉందనో, ఉండేదనో చెప్పారు. దాని వల్ల నరాలు పోయేటట్టయితే ఈ భూమ్మీద నిలబడి నడిచే మగవాడు దొరకడు.

అయితే "ఏం కాదు పో" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తే నీ భయం పోదని నాకు తెలుసు. మీ ఆఫీసు సారు అన్నది అదే కదా, నీకు నిద్ర పట్టిందా? భయం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే తప్ప అది వదలదు. దీక్ష విషయమే ముందు మాట్లాడుకుందాం. నీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైన మాట అదేననిపించింది నాకు.

నిద్రలో స్కలనం కావడం నువ్వు చేసిన పని కాదు. మెలకువలో ఉన్న మనసు వేరు, నిద్రలో ఉన్న ఒళ్లు వేరు. ఈ తేడా ఇప్పటి డాక్టర్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రహ్మచారి ఎట్లా ఉండాలో చాలా కఠినంగా చెబుతుంది. కావాలని చేసినవాడికి వ్రతభంగమైందంటుంది. అదే అధ్యాయం, తెలియకుండా కలలో స్కలనమైతే స్నానం చేసి, సూర్యుణ్ణి పూజించి, ఒక మంత్రం మూడుసార్లు జపించమంటుంది. అంతే. బైబిల్ పాత నిబంధనలో లేవీయకాండం 15వ అధ్యాయం ఒళ్లంతా నీళ్లతో కడుక్కోవాలి, సాయంత్రం దాకా మైల అంటుంది. ఇస్లాంలో రంజాన్ ఉపవాసం ఉన్నవాడికి పగటి నిద్రలో ఇట్లా అయినా రోజా భంగం కాదు. గుస్ల్, అంటే ఒళ్లంతా కడుక్కునే శుద్ధి స్నానం చేస్తే చాలు.

వేరువేరు దేశాల్లో, వేరువేరు కాలాల్లో పుట్టిన ఈ మూడు సంప్రదాయాలకు కామం విషయంలో ఎన్నో తేడాలున్నాయి. ఈ ఒక్క సంగతిలో మాత్రం మూడూ అడిగింది స్నానమే. నరకం అనలేదు, నరాలు పోతాయనీ అనలేదు. మరి నువ్వు నెలల తరబడి మోస్తున్న ఈ నేరం ఏ శాస్త్రం వేసింది నీ మీద?

నేను ఎరిగిన గురుస్వాములు కూడా దీక్షలో ఇట్లా అయితే చన్నీళ్ల స్నానం చేసి, శరణు చెప్పుకుని పీఠం దగ్గరికి రమ్మంటారు. నువ్వు మీ గురుస్వామిని ఒక్క మాట అడిగి ఉంటే ఆయనా బహుశా అదే చెప్పేవాడు. అడగడానికి సిగ్గుపడ్డావు. మన జనగామ పక్కన బమ్మెరలో పుట్టిన పోతన తెలుగు చేసిన భాగవతం దశమస్కంధంలో, రాసక్రీడ కథ విన్నాక పరీక్షిత్తు ఊరుకోడు. ధర్మాన్ని నిలబెట్టడానికి పుట్టినవాడు పరస్త్రీలతో ఎట్లా ఉన్నాడని శుకమహర్షిని సూటిగా అడుగుతాడు. అప్పటికి ఆ రాజుకు ఏడు రోజులు కూడా ఆయుష్షు లేదు. చుట్టూ మునులున్నారు. అయినా అడిగాడు. శుకుడు కోప్పడలేదు, జవాబు చెప్పాడు. భక్తి ఉన్నవాడు ఇట్లాంటి ప్రశ్న అడగకూడదని మన దగ్గర ఎవరూ పెట్టలేదు. నీ దీక్ష పూర్తయింది తమ్ముడూ. వచ్చే ఏడు మళ్లీ మాల వేసుకో, ఏ బరువూ లేకుండా వేసుకో.

ఇప్పుడు ఆ 40 చుక్కల లెక్క.

మన ఆయుర్వేదం తిన్న అన్నం రసంగా, రక్తంగా, మాంసంగా, మేదస్సుగా, ఎముకగా, మజ్జగా, చివరికి శుక్రంగా మారుతుందని చెప్పింది. ఏడు ధాతువులు. సూక్ష్మదర్శిని లేని కాలంలో ఒళ్లు ఎట్లా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి ఆ వైద్యులు వేసుకున్న క్రమం అది. శుక్రం చివర వస్తుంది కాబట్టి అన్నిటికన్నా విలువైనదన్న భావన జనంలో నిలిచిపోయింది. లాడ్జిలో కూర్చున్నాయన నీకు చెప్పింది ఇంతవరకే. ఆయన చెప్పని సగం ఒకటుంది. ఆ ఆయుర్వేదానికే మూలగ్రంథమైన చరక సంహితలో, సూత్రస్థానం ఏడో అధ్యాయంలో బలవంతంగా ఆపుకోకూడని వేగాల జాబితా ఉంది. మూత్రం, మలం, తుమ్ము, ఆవులింత, ఆకలి, దాహం, నిద్ర, వాటితో పాటు శుక్రం. వచ్చినప్పుడు దాన్ని ఆపితే రోగమని చరకుడే అన్నాడు. పోతే రోగమని భయపెట్టేవాళ్లు ఆయన పేరు చెప్పుకునే మందు అమ్ముతున్నారు. చరకుడు సంయమం వద్దనలేదు. బ్రహ్మచర్యాన్నీ పొగిడాడు. ఆయన చెప్పిందంతా చదివితే మితం కనిపిస్తుంది తప్ప హడల్ కనిపించదు.

అసలు హడల్ గురించి నువ్వు తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. ఇది మన దేశంలో జరిగింది కాదు. 1710ల్లో లండన్‌లో ఎవరో పేరు లేకుండా ఒక చిన్న పుస్తకం వేశారు. హస్తప్రయోగం ఘోర పాపమనీ, దాని వల్ల రాని రోగం లేదనీ అందులో రాశారు. రోగం తగ్గడానికి ఒక పొడి, ఒక ద్రావకం ఉన్నాయనీ, అవి ఫలానా దుకాణంలో దొరుకుతాయనీ అందులోనే చెప్పారు. చదివి భయపడినవాళ్లు ఉత్తరాలు రాస్తే, వాటిని తర్వాతి ముద్రణల్లో చేర్చి ఇంకా అమ్ముకున్నారు. ఆ పుస్తకం బైబిల్‌లోని ఓనాను కథను ఆధారం చేసుకుంది. నిజానికి ఆ కథ హస్తప్రయోగం గురించి కాదు. చనిపోయిన అన్న వంశం నిలబెట్టమంటే ఓనాను ఒప్పుకోకపోవడం గురించి. అంటే మూడు వందల ఏళ్ల కిందటే, కాజీపేటకు వేల మైళ్ల దూరంలో, నీకు జరిగిందే జరిగింది. మతం పేరు చెప్పి ముందు భయం పెట్టారు, తర్వాత పొడి అమ్మారు.

ఇక్కడ మీ ఆఫీసు సారుతో నాకు పేచీ ఉంది. బుర్రలు మతమే పాడు చేసిందంటాడు కదా, ఆ తర్వాత ఏం జరిగిందో ఆయన కూడా వినాలి. ఆ లండన్ పుస్తకాన్ని మోసగాడి పుస్తకమని వదిలేయొచ్చు. కానీ 1760లో స్విట్జర్లాండ్ డాక్టర్ తిస్సో, అప్పట్లో యూరప్‌లో ఎంతో పేరున్న వైద్యుడు, అదే భయానికి వైద్యశాస్త్రం ముద్ర వేశాడు. ఒక ఔన్సు వీర్యం పోతే 40 ఔన్సుల రక్తం పోయినదానికన్నా ఎక్కువ నష్టమన్నది ఆయన పుస్తకంలో ఉంది. నీ హాస్టల్ సీనియర్లు చెప్పిన 40 గుర్తొచ్చిందా? ఆ తర్వాత నూరేళ్లకు పైగా పెద్ద పెద్ద డాక్టర్లు పిచ్చికీ, మూర్ఛకూ, క్షయకూ దీన్నే కారణంగా చూపించారు. అప్పటికి అదే సైన్స్. పిల్లల చేతులు కట్టేసి పడుకోబెట్టమని చెప్పింది పూజారులు కాదు, డాక్టర్లు.

సైన్స్ కూడా తను పుట్టిన ఊరి కట్టుబాట్ల మధ్యే పెరుగుతుంది. 1677లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్నంలో లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తను తయారు చేసుకున్న సూక్ష్మదర్శిని కింద మనిషి వీర్యకణాలను చూశాడు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి ఉత్తరం రాస్తూ, ఇది పాపం చేసి తీసింది కాదు, భార్యతో కాపురంలో మిగిలిందేనని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. మనుషుల పుట్టుక రహస్యాన్ని మొదటిసారి కళ్లారా చూసినవాడు కూడా సిగ్గుపడి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది! ఇంకో ఉదాహరణ. స్త్రీకి సుఖాన్నిచ్చే ముఖ్యమైన అవయవం క్లిటోరిస్. అది లోపల ఎంత దూరం విస్తరించి ఉంటుందో 1998లో ఆస్ట్రేలియా యూరాలజిస్ట్ హెలెన్ ఓకానెల్ బృందం వివరంగా చూపించేదాకా, చాలా వైద్య పుస్తకాల్లో దాని బొమ్మ అరకొరగానే ఉండేది. మగవాడి అవయవం గురించి పేజీలకు పేజీలు రాసినవాళ్లే ఇక్కడ రెండు గీతలతో సరిపెట్టారు.

సైన్స్‌ను నేను ఎందుకు నమ్ముతానంటే, అది తప్పు చెప్పదని కాదు. చెప్పిన తప్పును తనే మళ్లీ పరీక్షించి కొట్టేస్తుంది కాబట్టి. తిస్సో మాటను కొట్టేసింది కూడా డాక్టర్లే. మన దేశంలో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు. నీలాంటి యువకులు ఎంతోమంది నీరసం, నడుము నొప్పి, ఆకలి లేకపోవడం, దిగులుతో వచ్చి, అన్నిటికీ ధాతువు పోవడమే కారణమని చెప్పడం గమనించాడు. 1960లో దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితాలో కూడా దాని ప్రస్తావన చేరింది. ఆయన చూపించింది ఇదీ: ఇక్కడ రోగం వీర్యం పోవడం కాదు, వీర్యం పోతే బలం పోతుందన్న నమ్మకం వల్ల పుట్టే ఆందోళన. నీ నీరసం అబద్ధమని దీని అర్థం కాదు. రాత్రుళ్లు నిద్ర పోకుండా, అన్నం సరిగా తినకుండా, ఎప్పుడూ ఒంట్లో ఏదో తగ్గిపోతోందని చూసుకుంటూ ఉంటే ఎవరికైనా నీరసం వస్తుంది, నడుము పట్టేస్తుంది.

వీర్యం అంటే ఏమిటో కూడా తెలుసుకో. అందులో ఎక్కువ భాగం నీళ్లు. వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి తయారు చేసే ద్రవమే దాదాపు అంతా. కొంచెం చక్కెర, కొంచెం ప్రొటీన్, కొద్దిగా జింక్ ఉంటాయి. వీర్యకణాలు నూటికి ఐదు వంతులు కూడా ఉండవు. రక్తం నుంచి వడకట్టి నిల్వ చేసుకున్న సొత్తు కాదది. నోట్లో ఉమ్మి ఊరినట్టు ఊరుతూనే ఉంటుంది. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండు నెలల పైన పడుతుంది గానీ, కోట్ల కణాలు రోజూ తయారవుతూనే ఉంటాయి. బయటికి రానివాటిని ఒళ్లే కరిగించుకుంటుంది. దాచుకుందామన్నా దాగేది కాదు.

మూత్రం తెల్లగా రావడానికి చాలాసార్లు ఫాస్ఫేట్ లవణాలే కారణం. నీళ్లు తక్కువ తాగినా చిక్కగా వస్తుంది. మలబద్ధకంతో ముక్కినప్పుడు ప్రోస్టేట్ నుంచి ఒకటి రెండు చుక్కలు రావడమూ మామూలే. అయితే మంట, చీము, రక్తం, జ్వరం ఉంటే అది వేరే సంగతి. అప్పుడు ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించుకోవాలి.

మీ మేనమామ మాటకు వద్దాం. బ్రహ్మచర్యం బలమంటాడు. వ్రతంగా తీసుకున్నవాడికి అది బలమే, నేను కాదనను. గాంధీ 1906లో ఆ వ్రతం పట్టి జీవితాంతం దానితో కుస్తీ పట్టాడు. అది ఆయన ఎంచుకున్న దారి. నువ్వు 41 రోజులు ఉన్నావు, అదీ నీ సంకల్పం. కానీ ఒక మనిషి ఇష్టపడి పట్టిన వ్రతం వేరు, పట్టకపోతే నరాలు చచ్చిపోతాయన్న బెదిరింపు వేరు. వ్రతం గొప్పదని చెప్పడానికి ఒళ్లు పాడవుతుందన్న అబద్ధం అక్కర్లేదు.

మన సంస్కృతి అంటే బ్రహ్మచర్యం ఒక్కటేనా? ధర్మం, అర్థం, మోక్షంతో పాటు కామాన్ని కూడా పురుషార్థమనే అన్నారు. మీ ఊరి నుంచి రామప్ప ఎంతో దూరం కాదు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన శివాలయం అది. చూరు కింద మదనికలనే నల్లరాతి స్త్రీ శిల్పాలు ఎంత నిబ్బరంగా నిలబడ్డాయో చూశావు కదా. లోపల దేవుడు, బయట ఆ అందం, రెండింటికీ తగాదా ఉందని ఆ శిల్పులు అనుకోలేదు. అట్లాంటి నేల మీద ఇంట్లో ఒక్క మాట మాట్లాడుకోలేని మౌనం ఎప్పుడు వచ్చింది? ఒక్క కారణం చెప్పలేం. బ్రిటిష్‌వాళ్ల నీతి సూత్రాలు, వాటిని తలకెత్తుకున్న మన పెద్దమనుషులు, పరువు భయం, అన్నీ కలిశాయి. తంజావూరు ఆస్థానంలో 18వ శతాబ్దంలో ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యాన్ని 1910లో బెంగళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే, అశ్లీలమని మరుసటేడే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం తీయించడానికి 1947లో టంగుటూరి ప్రకాశం పూనుకోవాల్సి వచ్చింది. మగకవులు అంతకన్నా ఘాటుగా రాసినవి మాత్రం చాలావరకు మర్యాదగానే చలామణి అయ్యాయి.

అట్లాగని పాతకాలమంతా బంగారమని చెప్పను. దేవుడి పేరు మీదే నిజామాబాద్ వైపు దళిత ఆడపిల్లలను జోగినులుగా మార్చి ఊరి దొరలకు అప్పగించారు. దాన్ని నేరమని చెప్పడానికి 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. సంస్కృతి అంటే ఎవరికి నచ్చిన ముక్క వాళ్లు చూపించే మాటగా తయారైంది. అందుకే ఎవరైనా "మన సంస్కృతి" అన్నప్పుడు దాంతో ఎవరికి మేలు, ఎవరికి బాధ అని నేను అడుగుతాను. నీ విషయంలో ఆ మాట నిన్ను మంచం పట్టించింది. మేలు జరిగింది లాడ్జిలో కూర్చున్నాయనకు.

ఆయన గురించి కూడా సూటిగా చెబుతాను. లైంగిక శక్తి పెంచుతామని మందుల ప్రకటనలు వేయడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ గోడ మీద రాతలన్నీ ఆ చట్టాన్ని తొక్కి రాసినవే. డబ్బు కన్నా నాకు ఎక్కువ బాధ కలిగించేది ఆ పొడి. ఇట్లాంటి పొడుల్లో, లేహ్యాల్లో అంగస్తంభన కోసం వాడే సిల్డెనాఫిల్ అనే ఇంగ్లిష్ మందునో, స్టెరాయిడ్లనో చెప్పకుండా కలిపి అమ్మినవి పరీక్షల్లో ఎన్నోసార్లు దొరికాయి. సరిగా శుద్ధి చేయని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటే కిడ్నీలు దెబ్బతింటాయి. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ మింగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇవాళ్టి నుంచి ఆ పొడి ముట్టుకోకు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. నీ ఉత్తరమంతా నీ నరాలు, నీ బలం, నీ భయమే ఉన్నాయి. ఆమె ఒక్క వాక్యంలో, ఫోన్ చేసే మనిషిగా మాత్రమే వచ్చింది. నిన్ను తప్పుపట్టడం లేదు. భయంలో ఉన్నవాడికి పక్కమనిషి కనిపించదు. కానీ అవతల ఆమెకూ భయాలు ఉండి ఉంటాయి. ఆమెకు ఎవరైనా ఏమైనా చెప్పారో లేదో. మొదటి రాత్రి రక్తం కనపడకపోతే అనుమానిస్తారేమోనని హడలిపోయే ఆడపిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కన్నెపొర అందరికీ ఒక్క తీరుగా ఉండదు, చాలామందికి రక్తం రానే రాదు. కన్యత్వాన్ని తేల్చే పరీక్ష అంటూ ఏదీ లేదని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి సంస్థలు ప్రకటించాయి. అత్యాచార బాధితులకు రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టర్లను తప్పు చేసినవాళ్లుగా చూడాలని మన సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఈ సంగతి నువ్వు తెలుసుకో. మీ ఇంట్లో ఆడవాళ్లెవరైనా పొద్దున్నే దుప్పటి వైపు చూస్తే, గట్టిగా ఆపాల్సింది నువ్వే.

మొదటి రాత్రి పరీక్ష కాదు. మన పెద్దలే దాన్ని అట్లా పెట్టలేదు. పెళ్లయ్యాక మూడు రాత్రులు భార్యాభర్తలు బ్రహ్మచర్యంతో ఉండాలని, పెళ్లి లాంటి ఇంటి సంస్కారాలు చెప్పే గృహ్యసూత్రాల్లో ఉంది. కామసూత్రాలు రాసిన వాత్స్యాయనుడు కూడా అదే చెప్పి, ఆ మూడు రోజులూ మాటలతో నమ్మకం సంపాదించుకోమన్నాడు. స్త్రీలు పువ్వుల వంటివాళ్లు, నమ్మకం కుదరకముందే బలవంతం చేస్తే ఆ సుఖాన్నే అసహ్యించుకుంటారని రాశాడు. కామసూత్రాలంటే బొమ్మల పుస్తకమనుకునేవాళ్లకు ఈ భాగం సంగతి తెలియదు. శోభనం గదిలోకి పంపి తలుపేసి, తెల్లారగానే ముఖాలు చూసే అలవాటు తెచ్చిపెట్టుకున్నాం. మీ ఇద్దరూ ఆ రాత్రి అలసిపోయి పడుకున్నా, పొద్దుపోయేదాకా కబుర్లు చెప్పుకున్నా నష్టమేమీ లేదు. భయంతో ఉన్నప్పుడు అంగస్తంభన జరగకపోవడం చాలామందికి అవుతుంది. ఒక రాత్రి అట్లా జరిగితే మగతనం పోయిందని అనుకోకు. పొద్దున నిద్ర లేచేటప్పుడు అంగం గట్టిపడుతుంటే నరాలు, రక్తనాళాలు బాగానే పనిచేస్తున్నట్టు.

ఫోన్‌లో చూసే వీడియోలు గురువులని మాత్రం అనుకోవద్దు. అందులో ఉన్నది నటన. సీనియర్ల చుక్కల లెక్క ఎంత అబద్ధమో, ఆ వీడియోల్లో గంటల లెక్క కూడా అంతే అబద్ధం. ఆమెకు ఏది ఇష్టమో, ఏది కాదో ఆమెనే అడిగి తెలుసుకోవాలి. ఆమె వద్దంటే వద్దు. పెళ్లి పీటల మీద పంతులుగారు నీతో "ధర్మేచ, అర్థేచ, కామేచ నాతిచరామి" అనిపిస్తాడు. కామంలో కూడా ఈమెను దాటి నడవనని పదిమంది ముందు ఇచ్చే మాట అది. వీర్యం దాచుకున్నావా లేదా అని అక్కడ ఎవరూ అడగరు. మాట నిలబెట్టుకోవడమే అడుగుతారు.

నీ అలవాటు గురించి ఆమెకు చెప్పాలా అని నువ్వు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. చెప్పాల్సిన అవసరం లేదు. అది రోగం కాదు, మోసం అంతకన్నా కాదు. డాక్టర్ పరీక్షలో కాపురానికి, పిల్లలకు సంబంధించిన నిజమైన సమస్య ఏదైనా తేలితే మాత్రం పెళ్లికి ముందే చెప్పడం న్యాయం. అట్లాంటిది తేలుతుందని నేను అనుకోవడం లేదు. కాబట్టి ఈ భయం కోసం పెళ్లి ఆపొద్దు. పది రోజులు వాయిదా పడ్డా ఫర్వాలేదు గానీ, లాడ్జి మనిషి మాట పట్టుకుని ఒక ఆడపిల్ల పెళ్లి చెడగొట్టొద్దు. ఆ తర్వాత ఊళ్లో మాటలు పడేది ఆమె.

ఇవాళ ఆమె ఫోన్ చేస్తే ఎత్తు. ఇన్ని రోజులు ఒంట్లో బాగాలేక, టెన్షన్‌తో ఎత్తలేదని చెప్పు. అది నిజమే కదా. ఆమె రోజు ఎట్లా గడిచిందో అడుగు.

వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది. పిచ్చివాళ్లు పోయే చోటనుకుని ఆగిపోవద్దు. నీలాంటివాళ్లను చూడటమే వాళ్ల పని. నువ్వు నాకు రాసిన కాగితమే వాళ్ల చేతికివ్వు, నోటితో చెప్పాల్సిన బాధ తప్పుతుంది. నిద్ర, ఆకలి, దిగులు గురించి అడుగుతారు. అవసరమైతే కొద్ది రోజులు మందులిస్తారు. రక్తం శాతం, షుగర్, థైరాయిడ్, మూత్ర పరీక్షలు చేయించమని నువ్వే అడుగు. నీరసానికి అసలు కారణం అక్కడే దొరకొచ్చు. బీపీ చూపించుకో. సిగరెట్, మందు అలవాటుంటే దాచకుండా చెప్పు, అంగస్తంభన మీద వాటి ప్రభావం నిజంగానే ఉంటుంది. ఇంట్లో మిగిలిన పొడి, లేహ్యం, నూనె డబ్బాలు పారేయకుండా సంచిలో వేసుకుని పో. ఇన్నాళ్లూ ఏం తిన్నావో డాక్టర్‌కు తెలియాలి, కిడ్నీ, లివర్ పరీక్షలు కావాలో వద్దో దాన్ని బట్టి చెబుతారు. ఓపీ చీటీ కోసం పొద్దున్నే పోవాలి, ఆ రోజుకు ఆఫీసులో సెలవు అడిగి పెట్టుకో.